అమ్మలుకి, సూది బిగించే ముందు

అమ్మలూ,

నీ పీహెచ్‌డీ టాపిక్ ఖాయమైందనీ, చిగుళ్ల జబ్బుకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నింపిన నానోఫైబర్లు, అంటే వెంట్రుక కన్నా ఎంతో సన్నని దారాలు, తయారు చేయబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో. రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి ఆ పనే చేశాను కదా, ఎక్కడ ఏ గొయ్యి ఉందో తెలుసు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఈ దారాలు తీసే ఎలక్ట్రోస్పిన్నింగ్ మిషన్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. సిరంజి పంపు, సూది, 15 కిలోవోల్టుల దాకా వోల్టేజి, 15 సెంటీమీటర్ల దూరంలో అల్యూమినియం రేకు. సూదిలోంచి వచ్చే పాలిమర్ ద్రావణపు ధార దారంగా సాగి ఆ రేకు మీద మ్యాట్‌లా పరుచుకుంటుంది. కొద్దిరోజుల్లో చెయ్యి తిరుగుతుంది. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటోలో దారాల మధ్య పూసలు కనిపిస్తే ముందుగా ద్రావణం పలచనైందేమో చూసుకో, పాలిమర్ కాస్త పెంచు. విశాఖ వానాకాలపు తేమకి దారం స్వభావమే మారిపోతుంది, కాబట్టి స్పిన్నింగ్ చేసిన ప్రతిరోజూ గదిలో తేమ ఎంతుందో నోట్‌బుక్‌లో రాయి. మ్యాట్‌ని వేడి ఓవెన్‌లో ఆరబెట్టకు. నీ దారానికి వాడే పాలిమర్ పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వాక్యూమ్‌లో పెట్టు.

సప్లై ఆపేశాక కూడా సూది మీద ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఎర్త్ చేసిన కడ్డీ తగిలించాకే చెయ్యి పెట్టు. రాత్రిపూట ఒక్కదానివే మిషన్ నడపకు. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ గాలికి ధార ఊగిపోయి మ్యాట్ సరిగా పడటం లేదని చాలామంది ఆ ఫ్యాన్ ఆపేస్తారు. నువ్వూ ఆపావని తెలిస్తే ఆ రోజే బస్సెక్కి వచ్చేస్తాను. సెటప్ చుట్టూ అక్రిలిక్ పెట్టె కట్టించుకో, ఆవిరి నెమ్మదిగా హుడ్‌లోకి పోయేలా. నువ్వు వాడబోయే ద్రావకం డీఎంఎఫ్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, లివర్‌ని దెబ్బతీస్తుంది. ఆ నీలం నైట్రైల్ గ్లవ్స్ దాన్ని ఎక్కువసేపు ఆపలేవు. బ్యూటైల్ రబ్బరువి తెప్పించమని మీ గైడ్‌ని అడుగు. బడ్జెట్ లేదంటే నాకు చెప్పు, నేను కొనిస్తాను. నాతో పనిచేసిన ఒకమ్మాయికి లివర్ ఎంజైములు పెరిగాయని రిపోర్టు వచ్చిన రోజు వాళ్ల నాన్నగారు ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆయన మొహం నేనిప్పటికీ మర్చిపోలేదు. ఆ గుమ్మం దగ్గర మీ నాన్న నిలబడకూడదు.

ఇక అసలు సంగతి. మందు నింపిన ఎలక్ట్రోస్పన్ దారాల మీద తొలి పేపర్లలో ఒకటి 2002లో వచ్చింది. అందులో వాడింది టెట్రాసైక్లిన్ హైడ్రోక్లోరైడ్. అది చూసి మా సీనియర్ ఒకాయన అదే మందుని పీసీఎల్‌లో కలిపి దారాలు తీయడం మొదలుపెట్టారు. చాలా పనిమంతుడు. నాకు సూది బిగించడం నేర్పింది ఆయనే. మందు దారంలోంచి బఫర్ అనే ఉప్పు ద్రావణంలోకి ఎంత వేగంగా వస్తుందో చూపే ఆయన రిలీజ్ గ్రాఫ్ రెండు వారాల పాటు గీత గీసినట్టు తిన్నగా వెళ్లేది, అందరూ మెచ్చుకునేవారు. ఒకరోజు పక్కన నిలబడి చూశాను. మ్యాట్‌ని ముక్కలుగా కోసి, బఫర్‌లో వేసే ముందు, పైన దుమ్మేదైనా ఉంటే పోతుందని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, రెండుసార్లు తిప్పి తీశారు. బీకర్‌లో నీళ్లు లేత పసుపు రంగుకి తిరిగాయి. వాటిని సింక్‌లో పారబోశారు.

ఆ పసుపంతా టెట్రాసైక్లినే. లవణ రూపంలో ఉన్న మందు పీసీఎల్ లాంటి నీరంటని పాలిమర్‌తో కలవదు. ద్రావకం ఆవిరయ్యేకొద్దీ, తడి గోడ ఆరేటప్పుడు చవుడు పైకి పొక్కినట్టు, మందు దారం పైకి వచ్చేస్తుంది. సెమ్ ఫోటోలో దారం నున్నగానే కనిపించొచ్చు, దాన్ని నమ్మకు. ఆయన ఆ పై మందుని కడిగేసి, లోపల మిగిలిన కొద్దిపాటి మందు మెల్లగా రావడాన్ని కొలుస్తున్నారు. పైగా మ్యాట్‌లో వేసిన మందుని కాకుండా, బఫర్‌లోకి వచ్చిన మొత్తాన్నే 100 శాతం అనుకుని గ్రాఫ్ గీశారు. అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. చివరికి మ్యాట్‌ని కరిగించి మిగిలిన మందు కొలిస్తే, వచ్చిందీ మిగిలిందీ కలిపినా వేసినదాంట్లో సగం కూడా లెక్క తేలలేదు. కడగని మ్యాట్‌లోంచి కొన్ని గంటల్లోనే చాలావరకు మందు బయటికి వచ్చేసింది. పాపం, ఆయన మోసం చేసే మనిషి కాదమ్మా. శుభ్రంగా చేద్దామనుకునే కడిగారు. పనంతా మళ్లీ మొదటినుంచి చేశారు.

నా భయమంతా అదే. నువ్వు వాడబోయే డాక్సీసైక్లిన్ హైక్లేట్ కూడా లవణమే. చిగురు సందులో పెట్టిన మొదటిరోజే మందంతా వచ్చేస్తే, ఆ తర్వాత బాక్టీరియాని చంపలేనంత కొద్దిపాటి మందు మిగులుతుంది. బాక్టీరియా మందుకి లొంగకుండా పోవడానికి, అంటే రెసిస్టెన్స్ పెరగడానికి, అంతకన్నా ఏం కావాలి? చైనాలోని చాంగ్‌చున్ పరిశోధకులు 2005లో క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌తో ఈ తేడా చూపించారు. దాని హైడ్రోక్లోరైడ్ దారం పైకి చేరి ఒక్కసారిగా బయటపడింది, లవణం కాని బేస్ రూపం లోపలే ఉండి నిదానంగా వచ్చింది. కాబట్టి డాక్సీసైక్లిన్ బేస్ రూపం, అంటే మోనోహైడ్రేట్, నీ ద్రావకంలో పూర్తిగా కరుగుతుందో లేదో ముందు చూడు. కరగకపోతే ఒకదానిలో ఒకటి ఉండే కోయాక్సియల్ సూదితో మందుని లోపల, పాలిమర్‌ని పైన పెట్టి తీయి. అది కష్టమైన పనే. రెండు ధారలూ కుదిరేదాకా విసుగొస్తుంది. అయినా మానకు.

మ్యాట్‌ని మాత్రం కడగకు. మొదటి శాంపిల్ పావుగంటకే తీయి, తర్వాత అరగంటకి, గంటకి, రెండు గంటలకి. మర్నాడు తీద్దాంలే అనుకుంటే చూడాల్సింది దాటిపోతుంది. బఫర్ సరిపడా ఉండాలి, చాలకపోతే మందు బయటికి రాలేక ఆగిపోతుంది, అది నీ ఫైబర్ గొప్ప అనుకుంటావు. డాక్సీసైక్లిన్ 37 డిగ్రీల బఫర్‌లో రోజుల తరబడి ఉంటే చెడిపోతుంది, కాబట్టి ఉత్త మందు ద్రావణాన్ని ఒక సీసాలో పక్కనే పెట్టి, వెలుతురు తగలకుండా చూసి, దాన్నీ కొలుస్తూ ఉండు.

పాలిమర్ విషయం మీ గైడ్‌తో ఇంకోసారి మాట్లాడు. 1990ల్లోనే చిగురు సందులో పెట్టే టెట్రాసైక్లిన్ దారం అమెరికాలో అమ్మేవారు. అది ఒంట్లో కరగదు, పదిరోజులయ్యాక డెంటిస్టు మళ్లీ తీయాలి. పీసీఎల్ పూర్తిగా కరగడానికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. తీయక్కర్లేని మందు కావాలంటే ఇంకా త్వరగా కరిగే పాలిమర్ పీఎల్‌జీఏ గురించి ఆలోచించండి. ఖరీదెక్కువే, అయినా నోట్లో పెట్టుకునే మనిషి కోసం కదా చేస్తున్నాం.

టైముకి తిను. ల్యాబ్ టేబుల్ మీద మాత్రం తినకు. మొదటి రిలీజ్ స్టడీ అయ్యాక నాకు గ్రాఫ్ పంపకు, నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపు. మ్యాట్‌లో వేసిన మందెంత, బఫర్‌లోకి వచ్చిందెంత, మ్యాట్‌లో మిగిలిందెంత, ఆ మూడు అంకెలూ ఉండాలి. అవి కలవకపోయినా పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ