రైనో బండిలో కూర్చున్న స్క్వాడ్ (సైనిక దళం) పాయింట్లు రిజర్వ్ లెక్కలోకి వస్తాయా? వస్తాయి

బ్రదర్, బండిలోని దళం పాయింట్లు రిజర్వ్‌లో లెక్కేయాలా, వాళ్లు దిగిన టర్న్‌లోనే ఛార్జ్ (శత్రువు మీదికి దూసుకెళ్లడం) చేయొచ్చా అని మీకూ మీ ఫ్రెండ్‌కీ వచ్చిన గొడవ రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 (టేబుల్ మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధ ఆట) పదో ఎడిషన్ ప్రకారం చెబుతున్నాను.

మీరు స్ట్రాటజిక్ రిజర్వ్స్‌లో, అంటే ఆట మొదట్లో బయట ఉంచి తర్వాత టేబుల్ మీదికి తెచ్చే దళాల్లో, 400 పాయింట్ల విలువే పెట్టానంటున్నారు. రైనో లోపల ఉన్న 140 పాయింట్ల టాక్టికల్ స్క్వాడ్‌ని లెక్కేయలేదు. "వాళ్లు బండిలో ఉన్నారు కదా, విడిగా రిజర్వ్‌లో లేరు" అనే వాదన వినడానికి బాగానే ఉంది కానీ నిలవదు. బండిలో ఎక్కినవాళ్లనూ కలుపుకొనే మొత్తం చూడాలని రూల్‌లోనే రాసి ఉంది. 2000 పాయింట్ల ఆటలో రిజర్వ్‌కి పరిమితి 500. మీది 540. ఈ విషయంలో మీ ఫ్రెండ్‌దే కరెక్ట్.

రెండోది అసలు తిరకాసు. టేబుల్ అంచున రైనోని పెట్టారు, "ఇది కదల్లేదు, పెట్టానంతే" కాబట్టి లోపలివాళ్లు దిగి ఛార్జ్ చేయొచ్చన్నారు. కానీ రిజర్వ్ నుంచి వచ్చిన యూనిట్ (దళమైనా బండైనా) ఆ టర్న్‌లో నార్మల్ మూవ్ (మామూలు కదలిక) చేసినట్టే లెక్క. మీ చేత్తో అంగుళం కూడా జరపకపోయినా సరే. నార్మల్ మూవ్ చేసిన బండిలోంచి దిగినవాళ్లు 3 అంగుళాల లోపలే నిలబడాలి, మళ్లీ కదలకూడదు, ఆ టర్న్‌లో ఛార్జ్ ఉండదు. కాల్చుకోవచ్చు, అది మాత్రం దక్కుతుంది.

కొన్ని బండ్ల డేటాషీట్‌లో (ఆ బండి రూల్స్ రాసి ఉండే పేజీ) దీనికి మినహాయింపు ఉంటుంది, రైనోకి లేదు. ఇలాంటి తగాదా వస్తే ముందు రూల్‌లో "చేసినట్టే లెక్క" అనే మాట ఎక్కడుందో వెతకండి. నేనైతే డిప్లాయ్‌మెంట్‌కి (సైన్యాన్ని టేబుల్ మీద సర్దడానికి) ముందే అడిగేసుకుంటా, మూడో రౌండ్‌లో టేప్ పట్టుకుని అరుచుకునే ఓపిక నాకు లేదు.