ఉప్పునీటి తొట్టిలో ఇంకెన్ని చేపలు? ముందు ఉన్నవాటిని తగ్గించండి

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. వేరుశనగ, చీనీ తోటతో పాటు ఇంటి దగ్గర సిమెంటు తొట్లలో గప్పీ, మాలీ చేపలు పెంచి అమ్ముతున్నాను. రెండు నెలల క్రితం 60×30×36 సెంటీమీటర్ల గాజు తొట్టిలో ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టాను. పగడపు దిబ్బలా కనబడేటట్లు రాళ్లు పేర్చి, మూడు వారాల్లోనే 2 క్లౌన్ చేపలు, 6 నీలి డామ్సెల్ చేపలు, ఒక నీలి టాంగ్ వదిలాను. రెండు డామ్సెల్ చేపలు చనిపోయాయి, ఒకటి కనబడటం లేదు. టాంగ్ ఒంటి మీద తెల్లని చుక్కలు వచ్చాయి. తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏ మందు వేయాలి? చనిపోయిన వాటి బదులు ఇంకెన్ని వదలవచ్చు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో 'ఒకటి కనబడటం లేదు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఈ జవాబు చదివిన వెంటనే రాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తి వెతకండి. రాతి సందులో చచ్చి కుళ్లుతున్న మూడు సెంటీమీటర్ల చేప చాలు, ఇంత చిన్న తొట్టిలో రాత్రికి రాత్రే అమ్మోనియాను పెంచడానికి. ఇకమీదట రోజూ దీపం వేయగానే, మేత వేయకముందే చేపలను లెక్కపెట్టండి.

లెక్క ప్రకారం మీ తొట్టిలో దాదాపు 65 లీటర్లు పట్టాలి. అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే మిగిలే నీరు 45 లీటర్లకు మించదు. అందులో తొమ్మిది చేపలు వదిలారు. వాటిలో నీలి టాంగ్ పూర్తిగా పెరిగితే దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మీ తొట్టి వెడల్పంత. అది ఈ తొట్టికి ఏనాటికీ తగిన చేప కాదు. వేలెడంత పిల్లను చూపి మీకు దాన్ని అమ్మినవారు ఆ మాట చెప్పి ఉండాల్సింది.

గప్పీల పెంపకంలో మీకున్న అనుభవం మంచిదే గానీ, ఇక్కడ అదే మిమ్మల్ని పొరపాటు పడేలా చేసింది. 25 డిగ్రీల వేడిలో మంచినీటిలో కంటే సముద్రపు నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 18 శాతం తక్కువ. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే, అంతే అమ్మోనియాలో చేపను చంపే రూపం ఇక్కడ పది రెట్లు దాటుతుంది. రాళ్లలో, ఇసుకలో పెరిగే బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మూడు వారాల్లో తొట్టి నింపేశారు. రాత్రి దీపం ఆర్పాక నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి వేకువకు నీటిలో అది అడుగంటుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

వేరుశనగను సాలుకు సాలుకు 30, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడంతో, చదరపు మీటరుకు 33 మొక్కలు ఉండేలా విత్తుతారు కదా. ఆ ఎడం పచ్చగా ఉన్న రోజుల కోసం కాదు. వాన ముఖం చాటేసినప్పుడు నేలలో మిగిలిన పదును అన్ని మొక్కలకూ అందాలని. తొట్టికీ అదే లెక్క. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగిపోయిన రెండు గంటలు ఆ నీరు ఎన్ని చేపలను బతికించగలదో, అన్నే ఉండాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా పెట్టుకోండి.

ఇక మందు సంగతి. టాంగ్ మీద ఉప్పు రవ్వల్లా కనబడే చుక్కలు బహుశా తెల్లమచ్చ తెగులు, అంటే చేప ఒంటిని పట్టి బతికే సూక్ష్మ పరాన్నజీవి. దీనికి రాగి మందు వాడతారు. దాన్ని ఈ తొట్టిలో మాత్రం పోయవద్దు. రాగిని రాళ్లు, ఇసుక పీల్చుకుంటాయి. ఆ తర్వాత అందులో రొయ్య గానీ నత్త గానీ బతకదు. చేపలన్నిటినీ వంద లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులోకి, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న కొత్త నీటిలోకి మార్చండి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు వేయండి, లేకపోతే డామ్సెల్ చేపలు మిగతావాటిని తరిమి తరిమి కొడతాయి. రాగిని పరీక్ష కిట్‌తో కొలుస్తూ మాత్రమే వాడండి. అసలు తొట్టిలో మిగిలిన పరాన్నజీవి చేప దొరకక చచ్చేలా, దాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు చేపలు లేకుండా నడపండి. బాక్టీరియా చావకుండా రెండు రోజులకొకసారి చిటికెడు మేత వేస్తే చాలు.

మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్, లవణాలు ఎక్కువ. ఉప్పు కలపడానికి ఆర్వో నీరే వాడండి. గాజు మీద నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 45 లీటర్లలో మూడు లీటర్లు ఇగిరిపోతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 37.5 గ్రాములవుతుంది. అందుకని గీత వరకు రోజూ ఉత్త ఆర్వో నీరే పోయాలి, ఉప్పునీరు కాదు.

మరో ముఖ్య విషయం. మీరు పేర్చిన రాళ్లు ఎక్కడివో రాయలేదు. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసిన పగడపు రాయిని కొనడం నేరం, పైగా ఆ దిబ్బలకు చేటు. సిరామిక్ రాళ్లు వాడితే వాటిలోనూ బాక్టీరియా చక్కగా పెరుగుతుంది. క్లౌన్ చేపలను కూడా హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. వాటిని హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది.

'ఇంకెన్ని' అన్నారు కదా. ఒక్కటీ వద్దు. చికిత్స పూర్తయ్యాక టాంగ్‌ను, డామ్సెల్ చేపలను పెద్ద తొట్లున్న దుకాణానికి ఇచ్చేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే క్లౌన్ జంటను తిరిగి వదలండి. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి. నెల రోజులు అవి హాయిగా తిని తిరిగితే, అడుగున ఉండే చిన్న గోబీ చేపను ఒకదాన్ని, నాలుగు నత్తలను చేర్చవచ్చు. మూడో క్లౌన్ చేపను మాత్రం తేవద్దు. ఆ జంట దాన్ని మూలకు తరిమి బతకనివ్వదు.