తత్వశాస్త్రం చదివి టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ కనిపెట్టిన ఎర్నా హూవర్

"మా చెల్లి బీఏ చదివింది, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తానంటోంది, ఇంజినీరింగ్ లేకుండా ఆడపిల్ల అందులో పైకి రాగలదా" అని అడిగారు. నిక్షేపంగా రాగలదు. అమెరికాలో ఎర్నా హూవర్ అని ఒకావిడ, 1926లో పుట్టారు. వెల్లెస్లీ కాలేజీలో చదివింది మధ్యయుగాల చరిత్ర, తత్వశాస్త్రం. 1951లో యేల్‌లో పీహెచ్‌డీ కూడా తత్వశాస్త్రం, గణిత మూలాల మీదే. కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి 1954లో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో చేరారు, కంప్యూటర్ పని అక్కడే నేర్చుకున్నారు.

ఆవిడ చేసిందేమిటో నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. టెలికాంలో చేరిన కొత్తలో డిసెంబర్ 31 రాత్రి డ్యూటీ పడింది. పన్నెండు కొట్టగానే ఊరంతా ఒకేసారి ఫోన్లు చేయడం మొదలుపెట్టింది, కలవనివాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, తెర మీద లోడ్ గీత నిట్టనిలువుగా లేచింది. నాకు ఒకటే టెన్షన్. మా సీనియర్ మేడమ్ కుర్చీలోంచి కదల్లేదు. "కంగారు పడకమ్మా, అదే సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకుంది కూడా. బిల్లింగ్ రికార్డులు రాసే పని వెనక్కి జరిగింది, వచ్చే కాల్స్‌ను ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ లెక్క చూసుకుంటూ మోయగలిగినన్నే తీసుకుంది, సిస్టమ్ పడిపోలేదు. ఇలా కాల్స్ రద్దీని బట్టి ముందు ఏ పని, తర్వాత ఏ పని అని మెషీనే తేల్చుకునే పద్ధతి హూవర్‌దని మేడమే చెప్పారు. ఏది ముందు, ఏది ఆగొచ్చు అన్నది తర్కం చదివిన బుర్రకే తడుతుందని నా గట్టి నమ్మకం. మన దగ్గరేమో ఇంటర్ అవగానే అందరినీ సీఎస్ఈలోకి తోసేస్తున్నారు, తర్కం, చరిత్ర చదువుతానంటే పిల్ల చెడిపోయినట్టే చూస్తున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ పద్ధతికి తొలి స్కెచ్‌లు ఆవిడ గీసింది రెండో కూతురు పుట్టి ఆసుపత్రిలో ఉన్నప్పుడు. పేటెంట్ సంతకాలకు లాయరే ఇంటికి వచ్చాడు. 1967లో దరఖాస్తు పెట్టారు, 1971 నవంబర్‌లో పేటెంట్ వచ్చింది, తొలి సాఫ్ట్‌వేర్ పేటెంట్లలో అదొకటి. నేను పాప పుట్టాక ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే పని గురించి ఒక్క ముక్క అడగలేదు, "గ్యాప్ ఉంది కదా, పాపను ఎవరు చూస్తారు" అన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మీ చెల్లిని ఆపకండి. కోడింగ్ కోర్సుకి డబ్బు కట్టేముందు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో క్యూలు (పనుల వరుసలు), ఇంటరప్ట్‌లు (చేస్తున్న పని ఆపి ముందు ఇది చూడమనే పిలుపులు), ప్రయారిటీలు చదవమనండి, బీఏలో లాజిక్ చదివి ఉంటే అవి ఇట్టే ఎక్కుతాయి.