జలంధర్ వెళుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీకు జలంధర్ ఆకాశవాణికి బదిలీ అయిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అక్కడ ఐదేళ్లు కార్యక్రమాల విభాగంలో పనిచేసినవాడిని కనుక, పంజాబీ విషయంలో నువ్వు మొదటి రోజు నుంచే పట్టించుకోవలసిన సంగతులు రాస్తున్నాను.

ముందు చెవిని సిద్ధం చేసుకో. పంజాబీ రాసే గురుముఖి అక్షరాలు నెల రోజుల్లో పట్టుబడతాయి, కానీ ఆ భాష ప్రాణం గొంతు ఎగువదిగువల్లో ఉంది. పెళ్లికొడుకు ఇంట ఆడవాళ్లు పాడే పాటను ‘ఘోడీ’ అని రాస్తారు. పలికినప్పుడు ‘ఘ’ వినబడదు, గొంతు కిందికి దిగి ‘కోడీ’ అన్నట్టు వస్తుంది. ఝ, ఢ, ధ, భలకు కూడా మాట మొదట్లో ఇదే తీరు. ‘చా’ అన్నప్పుడు గొంతు పైకి లేస్తే తేనీరు, మామూలుగా అంటే ఉత్సాహం. అందుకే అనౌన్సర్లను ఎంపిక చేసేటప్పుడు కాగితం చదివించి సరిపెట్టకు. వాళ్ల ఊరి సంగతులు పది నిమిషాలు చెప్పించు.

దేశ విభజనతో, 1937లో మొదలైన లాహోర్ రేడియో కేంద్రం అవతలికి పోయింది. ఆ తర్వాత ఇటువైపు జలంధర్ కేంద్రం వచ్చింది. పంజాబీకి అటువైపు ఉర్దూ లిపిలాంటి షాముఖి, ఇటువైపు గురుముఖి కావడంతో ఒకరి రాత మరొకరు చదవలేరు, కానీ రేడియోకు లిపితో పనిలేదు. 2018లో అట్టారీ దగ్గర ఘరిండాలో పెట్టిన ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ప్రసారం సరిహద్దు దాటి వినిపిస్తుంది. కనుక వార్తలను హిందీ ప్రతి నుంచి మాటకు మాట దించనివ్వకు. రైతు నోట వాన ‘మీంహ్’. బులెటిన్‌లో అది ‘వర్ఖా’గా మారితే, రైతు తనకు కాని మాటలు వింటున్నాననుకుంటాడు.

మాఝీ మాండలికమే ప్రామాణికమన్న పేరుతో మాల్వయీ, దోఆబీ మాండలికాల గొంతులను పక్కకు నెట్టవద్దు. పువాధీ గురించి మరీ శ్రద్ధ తీసుకో; ఆ మాండలికం పలికే పల్లెల నేల మీదే చండీగఢ్ నగరం లేచింది, అక్కడి పెద్దవాళ్లను ఇప్పుడే రికార్డు చేయకపోతే తర్వాత దొరకరు.

ఇక టేపుల సంగతి. నేను పనిచేసిన మరో కేంద్రంలో ఖాళీ స్పూళ్లు లేవని, వీరగాథలు పాడే ఢాడీ గాయకుల రికార్డింగు మీద ఒక సభ ప్రసంగాన్ని ఎక్కించారు. సారంగి మోత చివర్లో అర నిమిషం మిగిలింది. ఆ అర నిమిషం విన్నప్పుడు కలిగిన బాధ నాకింకా తగ్గలేదు. నువ్వు చేరిన వారంలోనే టేపు లైబ్రరీకి జాబితా రాయించు. ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరు, మాండలికం, తేదీ ఉండాలి. డిజిటల్ ప్రతి తీశాక కూడా మూల టేపును చెరపనివ్వకు. మొదటి జాబితా నాకు పంపు. ఆ డబ్బాల మీది చేతిరాతలో కొంత నాదే, తెలియని చోట చదివి పెడతాను.

ఇట్లు,
మామయ్య