టిప్పు ఇవ్వండి, కార్డు మీద క్యాష్ మాత్రం తియ్యకండి

విజయవాడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: వచ్చే నెల భార్యాపిల్లలతో ఊటీ వెళ్తున్నాం, 4 రాత్రులు. రూమ్ శుభ్రం చేసేవాళ్లకు టిప్ ఇవ్వాలా, ఎంత? వాళ్లకు జీతం వస్తుంది కదా అంటోంది మా ఆవిడ. టిప్పులకీ చిల్లర ఖర్చులకీ క్రెడిట్ కార్డు మీద 5,000 క్యాష్ తీద్దామనుకుంటున్నా. నా జీతం 48,000, ఇంటి ఖర్చు 38,000. ట్రిప్పుకైన 80,000 కార్డు మీదే 16 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ పెట్టాను. బ్యాంకులో 11,000 ఉంది.

ఇవ్వండి. మామూలు హోటల్ అయితే రాత్రికి 50 నుంచి 100 రూపాయలు, అదీ ఏ రోజుది ఆ రోజే. ఆఖరి రోజు అంతా ఒకేసారి ఇస్తే ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లకే పోతుంది, అంతకుముందు పిల్లలు చిప్స్ పోసిన దుప్పట్లు దులిపి బాత్రూమ్ కడిగినావిడకు పైసా అందకపోవచ్చు. చేతికే ఇస్తే మంచిది, మంచం మీద వదిలేస్తే మీరు మర్చిపోయిన డబ్బేమోనని ముట్టుకోరు. భోజనం బిల్లులో సర్వీస్ చార్జి కట్టాం కదా అని వీళ్లకు ఎగ్గొట్టకండి. ఆ చార్జీ బలవంతంగా వసూలు చెయ్యకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది, వద్దనుకుంటే తీసెయ్యమనండి.

ఇక ఆ 5,000 సంగతి. కార్డు మీద క్యాష్ తీస్తే చాలా బ్యాంకులు కనీసం 500 ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి, అంటే తీసిన క్షణానే 590 పోయింది. వడ్డీ కూడా ఆ రోజు నుంచే మొదలు, మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దీనికి ఉండదు. నాలుగు రోజులూ గది ఊడ్చిన మనిషికి మీరిచ్చేది 400, ఏమీ చెయ్యని బ్యాంకుకు అంతకంటే ఎక్కువ! దయచేసి ఆ పని చెయ్యకండి. టిప్పు మీ 11,000లోంచే ఇవ్వండి.

అయినా 11,000 చేతిలో పెట్టుకుని 80,000 ట్రిప్పుకు ఎలా సిద్ధపడ్డారండీ? నెలకు మిగిలే 10,000లో ఈఎంఐకే 7,260 దాకా పోతుంది. ఈ ఏడాదిలో ఒక్క నెల జీతం ఆగినా, అమ్మకో నాన్నకో ఆసుపత్రి అవసరం పడినా మళ్లీ ఆ కార్డే గీకుతారు, ఈసారి మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రం కట్టి మిగతాది తోసేస్తారు, అక్కడి నుంచి వడ్డీ ఏడాదికి 40 శాతం దాకా పోతుంది. ఇలా ఒక సరదా ఖర్చుతో మొదలై మూడు కార్డుల్లో ఇరుక్కున్న కుటుంబాలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. నాకు కోపం వచ్చేది అందుకే.

ఫ్రీ క్యాన్సిలేషన్ గడువు ఇంకా ఉంటే ఈరోజే 4 రాత్రులను 2 చేసుకోండి, వెనక్కి వచ్చిన డబ్బు కార్డు బాకీకే కట్టెయ్యండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 2,28,000, ఆపదకని అది పోగయ్యేదాకా ఇంకో ట్రిప్పు ఊసు వద్దు. బోనస్ వచ్చినా, చీటీ పాడినా ముందు అందులోకే. ఎఫ్‌డీనా, లిక్విడ్ ఫండా (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు వేరే బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే 2,000 అందులోకి వెళ్లేలా పెట్టండి, ఆ ఖాతాను మాత్రం ఫోన్‌పేకి లింక్ చెయ్యకండి.