నాన్న గీసిన డబ్బాలు, మీరు పెట్టిన పదకొండు ఎర్ర మార్కులు

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒకామె రాశారు. వాళ్ల నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఉండేది గాజువాకలో. మూడు నెలల కింద బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టి, రోజూ పొద్దున్నే గీతలు, డబ్బాలు, గ్లాసులు గీసి వాట్సాప్‌లో పంపేవారు. ఈమె ఫైన్ ఆర్ట్స్ చదివారు. మొదట్లో 'సూపర్ నాన్నా' అని పెట్టి ఊరుకునేవారు. "ఊరికే పొగడకు, తప్పులుంటే చెప్పు" అని ఆయనే గట్టిగా అడిగేసరికి, ఒక ఆదివారం ఆ ఫోటో మీదే ఎర్ర రంగుతో పదకొండు చోట్ల మార్క్ చేసి పంపారు. అంతే, ఆ తర్వాత బొమ్మ రాలేదు, ఫోన్ చేస్తే "అమ్మకిస్తున్నా" అంటున్నారట. 'అడిగితేనే కదా చెప్పాను, నా తప్పేంటి?' అని ఈమె ప్రశ్న.

చెప్పడం తప్పు కాదండీ. పదకొండు చెప్పడం తప్పు. మీరు జతచేసిన ఫోటో చూశాను. ఒకచోట 'షేడింగ్ లేదు' అని రాశారు. అది డబ్బాలు గీసే పేజీ, అందులో షేడింగ్ ఎందుకుంటుంది? ఆయన ఆ పూట ఏం నేర్చుకుంటున్నారో చూడకుండా మీ కాలేజీ కళ్లతో మార్కులు వేసేశారు.

ఇంకోటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. డబ్బాలన్నింటికీ 'పర్‌స్పెక్టివ్ రాంగ్' అని పెట్టారు కదా (పర్‌స్పెక్టివ్ అంటే దూరం పోయేకొద్దీ చిన్నగా, కంటికి కనపడినట్టు గీయడం), మళ్లీ ఒకసారి చూడండి. వాలు గీతలన్నీ దాదాపు 30 డిగ్రీల్లో ఉన్నాయి, ఎదురెదురు అంచులు ఎక్కడా దగ్గరపడకుండా సమాంతరంగా పోతున్నాయి. అది ఐసోమెట్రిక్ అనే పద్ధతి. ఫిట్టర్లకు డ్రాయింగ్ క్లాసులో అది నేర్పుతారు, ఎందుకంటే అందులో కొలత కొలతగానే ఉంటుంది, దూరంగా ఉంది కదా అని వెనక అంచుని పొట్టిగా గీస్తే వర్క్‌షాపులో ముక్క ఏ కొలతకి కోస్తారు? ఉద్యోగమంతా కరెక్ట్ అనుకున్నదాన్ని కూతురు ఒక్క ఎర్ర గీతతో కొట్టేసింది, ఆయనకి తగిలింది అక్కడే అని నా అనుమానం. "ఇది ఐసోమెట్రిక్ కదా నాన్నా, బాగా కుదిరింది, కంటికి కనపడినట్టు గీయాలంటే మాత్రం వెనక్కి పోయే గీతలు దగ్గరపడాలి" అని ఉంటే పొగడ్తా కాదు, అబద్ధమూ కాదు.

'గీతలు నీట్‌గా లేవు' అన్నారు. నిజమే, వెంట్రుకల్లా చిన్న చిన్న ముక్కలు గీకి అతికించారు. కానీ ఆ మాటతో ఆయన రేపు పొద్దున్న ఏం చేస్తారు? మణికట్టు తిప్పి గీస్తే పొడవు గీత వంగిపోతుంది, చెయ్యి భుజం నుంచి కదలాలి, రెండు చుక్కలు పెట్టుకుని పెన్సిల్ కాగితానికి తగలకుండా రెండు మూడు సార్లు ఆడించి అప్పుడు ఒక్క ఊపున లాగెయ్యాలి, గురి తప్పితే దాని మీదే మళ్లీ రుద్దకుండా పక్కన ఇంకోటి గీయాలి. ఇలా చెప్తే చేస్తారు. (అన్నేళ్లు స్కేలు పట్టిన చేతికి ఉత్తచేత్తో గీయడం ఎంత చిరాకో మనకి తెలీదు లెండి.)

గ్లాసు సంగతి ఫోన్‌లో అస్సలు రాయకండి, చూపించాల్సింది అది. అంచు రెండు కొసలూ బాదంపప్పులా మొనదేలాయి, టేబుల్ మీద ఆనింది కాబట్టి అడుగుని తిన్నగా గీసేశారు. ఇంట్లో స్టీలు గ్లాసు తీసి కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకోమనండి, అంచు ఒట్టి గీతలా కనపడుతుంది. మెల్లగా దించుతుంటే విచ్చుకుంటుంది, కానీ కొసల్లో మొన ఎప్పుడూ రాదు. అడుగు కంటికి ఇంకా కింద ఉంటుంది కాబట్టి అంచుకన్నా ఎక్కువ గుండ్రంగా తిరగాలి. ఇది ఆయన చేత్తో ఆయనే కనిపెట్టాలి.

పర్‌స్పెక్టివ్‌కి ఆర్.కె. బీచ్ చాలు. గట్టు మీద కూర్చుంటే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మన కంటి ఎత్తులో ఉంటుంది, లేచి నిలబడితే అదీ లేస్తుంది, కైలాసగిరి ఎక్కినా కిందికి పోదు, మనతోపాటే పైకొస్తుంది. నేలకి సమాంతరంగా వెనక్కి పోయే గీతలు దగ్గరపడి చేరేది ఆ ఎత్తుకే అని అక్కడ చెప్తే ఎవరికైనా బుర్రకెక్కుతుంది. పల్లీలు కొనిపెట్టి చెప్పండి.

వాట్సాప్‌లో సారీ పెట్టకండి. గాజువాక వెళ్లి "అది ఐసోమెట్రిక్ అని నేను గుర్తుపట్టలేదు నాన్నా" అనండి, ఇంకేం అక్కర్లేదు. ఆ తర్వాత ఆయన కాగితం మీద మీ పెన్ను ఆనించొద్దు, చూపించాలనుకుంటే మీ కాగితం మీద గీయండి. పేజీకి ఒక్క మాట. అది కూడా, "వీటిలో ఏది బాగా వచ్చిందనుకుంటున్నావు?" అని అడిగాకే. సగం తప్పులు ఆయనే చెప్పేస్తారు, మిల్లీమీటర్లో తేడా పట్టిన కళ్లవి.

ఇక మళ్లీ మొదలుపెట్టరేమో అని టెన్షన్ పడుతున్నారు. అమ్మగారిని రాయబారం పంపకండి, బొమ్మల ఊసు కొన్నాళ్లు రాకపోయినా తొందరపెట్టకండి. స్కెచ్ పుస్తకం అలమరలోకి సర్దేయబోతే "దాన్నక్కడే ఉండనీ" అని నాన్నగారే అన్నారని మీరే రాశారు కదా.