అమ్మానాన్నల ఆఫీసు ఇన్సూరెన్స్ 78 వేలైంది, మానెయ్యమంటారా?

ప్రశ్న: మాది మదనపల్లె. నేనూ నా భార్యా బెంగళూరులో ఐటీ ఉద్యోగాలు చేస్తూ మారతహళ్ళిలో ఉంటున్నాం, ఐదేళ్ళ పాప. నాకు 36. నాన్నకి 68, షుగర్ ఉంది, 2021లో స్టెంట్ వేశారు. అమ్మకి 63, బీపీ ఉంది, కుడి మోకాలు మార్పించుకోమని డాక్టర్ చెప్పి ఏడాది దాటింది, వాయిదా వేస్తూ వస్తున్నాం. ఇద్దర్నీ మా ఆఫీసు పాలసీలో చేర్చాను, ఇద్దరికీ కలిపి కవరేజీ 5 లక్షలు. మూడేళ్ళ కిందట 28 వేలు కట్టాను, పోయినేడాది 46 వేలు, ఇప్పుడు జీఎస్టీతో కలిపి 78 వేలట! పైగా కో-పే, అంటే బిల్లులో మేం పెట్టుకోవాల్సిన వాటా, 10 నుంచి 20 శాతం చేశారు, గది అద్దె రోజుకి 5 వేలు దాటకూడదట. ఉంచాలో తీసెయ్యాలో శుక్రవారంలోగా పోర్టల్‌లో చెప్పాలి. ఇదంతా ఎందుకు, ఏటా ఆ డబ్బేదో ఎఫ్‌డీలో వేసుకుంటే పోలేదా?

జవాబు: ఈ ఏడాది మాత్రం మానెయ్యకండి. తిట్టుకుంటూనైనా కట్టెయ్యండి. వచ్చే ఏడాదీ ఆ పై ఏడాదీ ఇదే మాట చెబుతానని అనుకోవద్దు, అందుకే ఈ జవాబు కాస్త పొడుగైంది.

ముందు ఆ 28 వేలు 78 ఎలా అయిందో చూద్దాం. హెచ్‌ఆర్ వాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళ చేతిలో ఉన్నది తక్కువ. గ్రూప్ పాలసీ అంటే ఒక్క ఏడాది ఒప్పందం, ప్రతి ఏడూ మళ్ళీ బేరం. బీమా కంపెనీ మీ ఆఫీసు లెక్క తీసి ఎంత వసూలు చేశాం, క్లెయిములకి ఎంత పోయింది అని చూసుకుంటుంది. కోటి వసూలై కోటీ నలభై లక్షలు పోయిందనుకోండి, వచ్చే ఏడాది బేరం ఆ కోటీ నలభై దగ్గరే మొదలవుతుంది, దాని మీద వాళ్ళ ఖర్చులు, ఆసుపత్రుల కొత్త రేట్లు. చాలా ఆఫీసుల్లో తల్లిదండ్రుల లెక్క వేరుగా కడతారు, ఆ లెక్కలో ఉన్నవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే కాబట్టి క్లెయిములూ అక్కడే ఎక్కువ. రేటు పెరగగానే ఏం జరుగుతుందంటే, అమ్మానాన్నలు గట్టిగా ఉన్న కుర్రాళ్ళు "మాకెందుకులే" అని తప్పుకుంటారు, స్టెంట్లూ షుగర్లూ ఉన్న మనలాంటివాళ్ళం మిగులుతాం, దాంతో మరుసటి ఏడాది లెక్క ఇంకా చెడుతుంది. మీ నాన్నగారు ఒక్క రూపాయి క్లెయిమ్ చెయ్యకపోయినా పెరగడానికి కారణం ఇదే. ఇది దానంతటది తగ్గేది కాదు.

2024 వేసవిలో మీరు మారతహళ్ళిలోనే ఉండుంటే ట్యాంకర్ల సంగతి గుర్తుండాలి. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ రేటు వారం వారం పెరిగింది, చివరికి అధికారులు ధరలకి పరిమితి పెట్టాల్సి వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అందరూ ట్యాంకర్ వాళ్ళని తిట్టారు గానీ కావేరి కనెక్షన్ రాకముందే ట్యాంకర్ ఆపేసిన అపార్ట్‌మెంట్ ఒక్కటీ నాకు కనపడలేదు. మీ ఆఫీసు పాలసీ ఆ ట్యాంకర్. బయట మీ అమ్మానాన్నల పేరు మీద తీసుకునే సొంత పాలసీ కావేరి కనెక్షన్, కానీ అప్లికేషన్ పెట్టిన రోజే కొళాయిలో నీళ్ళు రావు. ముందునుంచీ ఉన్న జబ్బులకి బయటి పాలసీలో మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, అంటే అంతవరకూ ఆ జబ్బులకి క్లెయిమ్ ఇవ్వరు. 2024 ఏప్రిల్‌కి ముందు నాలుగేళ్ళ దాకా ఉండేది, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడుకి తగ్గించింది. ఆఫీసు పాలసీల్లో మామూలుగా ఈ వెయిటింగ్ ఉండదు, చేరిన రోజునుంచే షుగరూ గుండే అన్నీ కవరవుతాయి. మీరు 78 వేలు కడుతున్నది ముఖ్యంగా దీనికే.

ఇప్పుడు అమ్మగారి మోకాలు. మీ ఉత్తరంలో అసలు విషయం ఇదేనండీ, మీరు మధ్యలో ఒక ముక్కగా రాసి వదిలేశారు. డాక్టర్ ఆపరేషన్ చెయ్యాలని రాసిచ్చాక అది చేయించుకోకుండా బయట పాలసీకి వెళ్తే చాలా కంపెనీలు "ముందు ఆపరేషన్ కానివ్వండి, తర్వాత చూద్దాం" అంటాయి. పాలసీ ఇచ్చినా మోకాలు మార్పిడికి వెయిటింగ్ విడిగా ఉంటుంది. మరి ఆ మోకాలికి డబ్బిచ్చే పాలసీ ఈ రోజు మీ దగ్గర ఒకటే ఉంది. అది ఆఫీసుది. కాబట్టి కట్టండి, ఈ ఏడాదే ఆపరేషన్ చేయించండి, ఆవిడ కోలుకున్నాక ఆవిడ పేరున బయట పాలసీకి వెళ్ళండి. వాయిదా వేసుకుంటూ ఆఫీసు పాలసీ తీసేశారంటే రెండు వైపులా పోతుంది.

అయితే ఆ 5 లక్షలు చూసి ధీమాగా ఉండకండి. ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు నేను ఊరికే వేసుకున్నవే, మీ ఆసుపత్రి ఎస్టిమేట్ తెచ్చుకుని ఇలాగే వేసుకోవచ్చు. మొత్తం బిల్లు 3 లక్షల 60 వేలు. అందులో రోజుకి 10 వేల గది నాలుగు రోజులకి 40 వేలు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటివి లక్షా 40 వేలు, మందులు, ఇంప్లాంట్, టెస్టులు లక్షా 80 వేలు. పరిమితి 5 వేలు, మీరు తీసుకున్నది 10 వేల గది, అంటే మీకు అర్హత ఉన్నది సగానికే. "ఏముంది, రోజుకి 5 వేలు చేతినుంచి పెట్టుకుంటాం" అనుకుంటారు అందరూ. అంతటితో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ కూడా సగమే ఇస్తారు. మందులకీ ఇంప్లాంట్‌కీ టెస్టులకీ మాత్రం ఆ కోత వెయ్యకూడదని నిబంధన ఉంది, ఐసీయూకీ వెయ్యకూడదు. అలా గదికి 20 వేలు, రెండోదానికి 70 వేలు, మూడోదానికి లక్షా 80 వేలు, మొత్తం 2 లక్షల 70 వేలు. దాంట్లోంచి 20 శాతం కో-పే 54 వేలు తీసేస్తే వచ్చేది 2 లక్షల 16 వేలు, మీ జేబులోంచి పోయేది లక్షా 44 వేలు. అదే 5 వేల లోపు గదిలో ఉంటే మొదటి కోత ఉండదు, పైగా చాలా ఆసుపత్రుల్లో గదిని బట్టే మిగతా చార్జీలు కూడా మారతాయి కాబట్టి బిల్లే తగ్గుతుంది. మోకాలికి ఇంత అని మీ పాలసీలో విడిగా పరిమితి ఉందేమో కూడా అడగండి, చాలా గ్రూప్ పాలసీల్లో ఉంటుంది. ఇంప్లాంట్ ధరకి ప్రభుత్వం 2017లో పరిమితి పెట్టింది, స్టెంట్లకీ అదే ఏడాది పెట్టింది, కానీ ఆసుపత్రి మొత్తం ప్యాకేజీకి అలాంటి పరిమితి లేదు, అందుకే ఊళ్ళో ఒక రేటు, ఇక్కడ ఒక రేటు. ముందే తేదీ ఖరారు చేసుకున్న ఆపరేషన్ కాబట్టి మదనపల్లెకి దగ్గర్లో తిరుపతిలో ఒకటి, బెంగళూరులో రెండు ఎస్టిమేట్లు తెచ్చుకోండి.

ఎఫ్‌డీ సంగతి. ఏటా 78 వేలు వేస్తే వడ్డీతో సహా అది 4 లక్షలు కావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, గుండె నొప్పి అంతవరకూ ఆగుతుందని ఎవరు రాసిచ్చారు? కానీ మీ ఆలోచనలో సగం సరైనదే. పైన లెక్కలో జేబులోంచి పోయిన లక్షా 44 వేలు చూశారుగా, అది ఎఫ్‌డీలో ఉండాలి. ఇన్సూరెన్స్ బదులు కాదు, ఇన్సూరెన్స్ ఇవ్వని భాగం కోసం. రెండు లక్షలు వేరే ఖాతాలో పెట్టి దాని మీద అమ్మానాన్నల వైద్యం అని రాసిపెట్టుకోండి, ప్లాటు అడ్వాన్సుకి దాన్ని ముట్టుకోవద్దు.

అమ్మగారి బయటి పాలసీకి వచ్చేసరికి ఒకటి రెండు విషయాలు మనకి కలిసొస్తున్నాయి. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, గ్రూప్ పాలసీల మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. మీ 78 వేలల్లో దాదాపు 11,900 పన్నే అన్నమాట. అలాగే అరవై దాటినవాళ్ళ సొంత పాలసీల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది. 46 నుంచి 78కి ఎగిరిన ప్రీమియం చూసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పన్ను మినహాయింపు అని ఏజెంట్ ఊరిస్తాడు, ఆదాయపన్నులో సీనియర్ సిటిజన్ తల్లిదండ్రుల ప్రీమియంకి 50 వేల దాకా ఉన్నమాట నిజమే గానీ అది పాత విధానంలో ఉన్నవాళ్ళకి. కొత్త విధానంలో ఉంటే ఆ మాట వదిలెయ్యండి.

ఫారంలో ఏదీ దాచకండి. బీపీ, మోకాలు, పాత రిపోర్టులు అన్నీ రాయండి. "బీపీ రాయకండి సార్, మూడేళ్ళు దాటితే ఎవడూ అడగడు" అనే ఏజెంట్లు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు, క్లెయిమ్ రోజు వాళ్ళు ఫోనెత్తరు. ఐదేళ్ళు వరసగా కట్టిన పాలసీని పాత వివరాలు చెప్పలేదని తిరగదోడకూడదనే నియమం ఉంది కానీ రుజువైన మోసానికి అది వర్తించదు. ఇంకో మాట, ఒకేసారి నాలుగు కంపెనీలకి అప్లికేషన్లు పెట్టొద్దు, ఒకళ్ళు కాదంటే ఆ సంగతి తర్వాతి ఫారంలో రాయాల్సి వస్తుంది.

నాన్నగారిది కష్టమైన కేసు, మెత్తగా చెప్పను. 68 ఏళ్ళు, షుగర్, స్టెంట్ అంటే కొందరు కాదంటారు, కొందరు ఎక్కువ ప్రీమియం అడుగుతారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళ కోసమే తెచ్చిన పాలసీలు కొన్ని కంపెనీల దగ్గర ఉన్నాయి, వాటిని మొదట ప్రయత్నించండి. దొరక్కపోతే కుంగిపోవద్దు. 70 నిండిన వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి 5 లక్షల వరకు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నా ఇస్తారు. అన్ని ఆసుపత్రులూ ఆ జాబితాలో ఉండవు, మీరు చూపించే గుండె డాక్టర్ ఆసుపత్రి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అంటే ఆయన విషయంలో మనం నెట్టుకురావాల్సింది రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ట్యాంకర్ తప్పదు.

మరి ఎంత పెరిగితే ఆపాలి? ఇప్పుడు 5 లక్షల బిల్లుకి వాళ్ళిచ్చేది 4 లక్షలు, మీరు కట్టేది దాంట్లో ఐదో వంతు. నా దగ్గరికొచ్చేవాళ్ళకి నేను మూడో వంతు దగ్గర గీత గీస్తాను, అంటే మీ విషయంలో లక్షా 30 వేలు. ఇది శాస్త్రం కాదు, నా అంచనా. అమ్మగారి మోకాలు అయిపోయి, ఆవిడ బయటి పాలసీకి మూడేళ్ళు నిండి, నాన్నగారికి కార్డు వస్తే గీత దాకా ఆగక్కర్లేదు, ముందే తీసెయ్యొచ్చు.

బయట పాలసీ ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, నేను ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చిన ఏడాది ఆఫీసు పాలసీ నా చివరి పనిరోజు రాత్రితో ఆగిపోయింది. సోమవారం చూసుకుందాంలే అనుకున్నాను. పన్నెండో రోజున మా అమ్మకి న్యుమోనియా, లక్షా 90 వేలు నా సేవింగ్స్‌లోంచి పోయాయి. అప్పటికే నేను ఊళ్ళో వాళ్ళకి ఇన్సూరెన్స్ సలహాలు చెబుతున్నాను! ఆఫీసు గ్రూప్ పాలసీలోంచి అదే కంపెనీ సొంత పాలసీకి మారే వీలుంటుందని, మారితే అప్పటిదాకా గడిచిన కాలం వెయిటింగ్‌లో కలుస్తుందని నాకు తెలుసు, కానీ అడగాల్సిన రోజు దాటిపోయింది. మీరు కంపెనీ మారాలనుకుంటే రాజీనామా ఇచ్చే ముందే అడగండి. తప్పకుండా ఇస్తారన్న హామీ లేదు, వాళ్ళు వైద్య వివరాలు చూసే నిర్ణయిస్తారు. ప్రతి ఏడాదీ ఈ-కార్డులు, పాలసీ కాపీలు డౌన్‌లోడ్ చేసి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి, ఆఫీసు మెయిల్ మీతో రాదు.

మీకూ మీ ఆవిడకీ పాపకీ కూడా బయట ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ముగ్గురికీ కలిపి ఒకే కవరేజీ ఉండే పాలసీ, తీసుకోండి. 36 ఏళ్ళకి, జబ్బులేవీ లేకపోతే, ఇది అమ్మానాన్నలది లాగా గుండె గుభేలుమనే ఖర్చు కాదు. దీని మీద ఇంకో ఉత్తరం రాస్తే వివరంగా చెబుతాను.

శుక్రవారం లోపు హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఈసారి తీసేస్తే వచ్చే ఏడాది మళ్ళీ చేర్చుకుంటారా, ఒక్కర్నే ఉంచే వీలుందా, నెలనెలా జీతంలో కోస్తే మధ్యలో ఉద్యోగం మానినప్పుడు మిగతాది ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటారా, మోకాలికి పరిమితి ఎంత. మీరు రాయలేదు గానీ మీ ఆవిడ ఆఫీసులో అత్తమామల్ని చేర్చే వీలుందేమో కూడా కనుక్కోండి, వాళ్ళ రేటు తక్కువై, పాత జబ్బులకి వెయిటింగ్ లేకుండా ఉంటే నేను పైన చెప్పినదంతా మీ ఆఫీసు బదులు వాళ్ళ ఆఫీసుతో చెయ్యొచ్చు. అక్కడ ఎన్‌రోల్‌మెంట్ ఎప్పుడో తెలిసేదాకా ఇక్కడ తీసెయ్యకండి.

ఇంకొకటి మర్చిపోయాను. నాన్నగారి ఆధార్ తీసి పుట్టినతేదీ చూడండి. మన వైపు ఆ తరం వాళ్ళలో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం కూడా ఎవరో అంచనాగా వేసిందే. వయ వందన కార్డుకి వయసు ఆధార్‌లో ఉన్నదే లెక్క. మీరు 68 అనుకుంటున్నారు, కార్డులో 70 ఉందేమో చూసి నాకు రాయండి, ఉంటే ఈ జవాబులో సగం మార్చాలి.